ఫౌలాద్ చదువు

రెండేళ్ల కింద ఎంసెట్ వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. మగ్రిబ్ తర్వాత మొదలైన బహస్ రాత్రి పదకొండైనా మా ఇంట్లో తెగలేదు. మా పెద్ద బేటీ లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక సర్కారీ కాలేజీలో మెటలర్జీని మొదటి ఆప్షన్‌గా పెట్టింది. దాని కింద ప్రైవేటు కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు. ఇంట్లో అందరం అది వరస తలకిందులుగా పెట్టిందనే అనుకున్నాం. మా బేగం అయితే మౌస్ లాక్కోబోయింది.

"మెటలర్జీ అంటే ఏందే?" అని అడిగింది అమ్మీ, జానిమాజ్ మడత పెడుతూ.

"లోహాల చదువు దాదీ. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, టైటానియం..."

"అంటే లుహార్ పని. దానికి కాలేజీ ఎందుకు? మీ దాదా జిందగీ అంతా లేత్ మీద అదే చేసిండు గదా."

"దాదా ఉక్కును కోసిండు దాదీ. నేను ఉక్కును తయారుచేసేది చదువుతా."

"చదివి?"

మా బేటీ కిటికీ వైపు చెయ్యి చూపించింది. ఆ కిటికీలోంచి చూస్తే రెండు గలీల అవతల, చెట్ల మీదుగా, కంచన్‌బాగ్ గోడ కనిపిస్తుంది. "ఆ గోడ లోపలికి పోతా" అంది.

ఇంట్లో ఎవ్వరూ కాసేపు మాట్లాడలేదు.

ఆ గోడ గురించి చెప్పాలి. మా మొహల్లా పిల్లలందరం ఆ గోడ పక్కనే పెరిగాం. పతంగులు తెగి అటు పడితే ఇక ఖుదా హాఫిజ్. డీఎంఆర్ఎల్ చౌరస్తా అంటే ఆటోవాలా నుంచి అరటిపండ్ల బండివాడి దాకా అందరికీ తెలుసు, ఆ నాలుగు అక్షరాల వెనక ఏముందో మాత్రం చెప్పేవాడు లేడు. లోపల బాంబులు చేస్తారని మా బచ్‌పన్‌లో చెప్పుకునేవాళ్లం. నేను పత్రికలో చేరాక కూడా నా జ్ఞానం అంతకన్నా పెద్దగా పెరగలేదు. మిసైల్ పరీక్ష జరిగినప్పుడల్లా డెస్కులో కూర్చుని పాత వార్త తీసి, పేరు మార్చి, తేదీ మార్చి, 'విజయవంతం' అని శీర్షిక పెట్టి పంపించేవాణ్ణి. ఇరవై ఏళ్లలో అలాంటివి ఎన్ని రాశానో. అది దేనితో తయారైంది, ఎవరు కరిగించారు, ఎందుకు పేలిపోకుండా ఎగిరింది అని ఒక్క వాక్యం రాసిన యాది లేదు.

నిజానికి అక్కడున్నది లోహాల ఇల్లే. డీఎంఆర్ఎల్ అంటే రక్షణ శాఖ వారి లోహ పరిశోధనా సంస్థ, 1963 నుంచి ఉంది. మిసైళ్లు రూపకల్పన చేసే డీఆర్‌డీఎల్ దాని పొరుగే. డీఎంఆర్ఎల్ కనిపెట్టిన లోహాలను టన్నుల్లెక్క పోతపోయడానికి 1973లో మిధానీ పెట్టారు. ఇంకొంచెం దక్షిణానికి పోతే ఆర్‌సీఐ. అందులో 'ఐ' అంటే ఇమారత్. 1985లో రాజీవ్ గాంధీ పునాది రాయి వేసేనాటికి ఆ జాగా పేరు ఇమారత్ కంచ. మన ఇమారతే. రాళ్లూ గుట్టలూ తప్ప ఇంకేమీ లేని నేల మీద దేశంలోని అతి నాజూకైన గైరోస్కోపులు తయారుచేసే ఇమారత్ లేచింది. ఢిల్లీలో ఏ ఆఫీసరో ఆ పేరు పలికినప్పుడు మన దక్కనీ ముక్క ఒకటి అతని నోట్లో తిరుగుతుందని నాకు ఓ చిన్న ఖుషీ.

నేను ఉర్దూ మీడియం వాణ్ణి. పదో తరగతి దాకా సైన్సు నాకు తబీఇయాత్, కీమియా, రియాజీ. ఉస్మానియా 1918లో మొదలైనప్పుడు డాక్టరీ, ఇంజినీరింగు కూడా ఉర్దూలో చెప్పాలని దారుల్ తర్జుమా పెట్టి, ఆలిములను కూర్చోబెట్టి ఒక్కో లఫ్జ్ తయారు చేయించారు. ఆ లఫ్జుల ఆఖరి వారసుల్లో మేమొకళ్లం. తర్వాత డిగ్రీ తెలుగులో చేశాను, కీమియా రసాయన శాస్త్రమైంది, ఆ మధ్యలో నా సైన్సు ఎక్కడో జారిపోయింది. మా బేటీ మెటలర్జీ అంటుంటే నా బుర్రలో రెండు లఫ్జులు తిరిగాయి. ఒకటి ఫిలిజ్జియాత్, ఇంకోటి లోహశాస్త్రం. రెంటిలో దేనికీ నాకు అర్థం తెలియదు.

ఉక్కుకు మన ఉర్దూలో ఫౌలాద్. ఈ ఫౌలాద్‌కూ మన ఉక్కుకూ ఒక పాత రిష్తా ఉంది. దాన్ని మాకు ఆ రాత్రి చెప్పింది మా బేటీయే. నిజామాబాద్ వైపు కోనసముద్రం అని ఒక ఊరు. అక్కడ మట్టి మూసల్లో ఇనుమూ కార్బన్ పదార్థమూ పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. అలా వచ్చిన ఉక్కు ముద్దల కోసం ఈరాన్ తాజిర్లు సముద్రాలు దాటి వచ్చి ఆ ఊళ్లో మకాం పెట్టేవాళ్లు. డమాస్కస్ తల్వార్ అని లోకమంతా చెప్పుకున్న కత్తికి అసలు మాల్ దక్కన్‌దే. ఇంగ్లిషువాళ్లు దాన్ని ఊట్జ్ అన్నారు. అది మన ఉక్కు అనే మాట నలిగి నలిగి అట్లా అయ్యింది. లండన్‌లో మైకేల్ ఫారడే, కరెంటు గురించి పరిశోధించకముందు, ఈ ఊట్జ్‌లో ఏముందో తేల్చుకోవాలని 1819 ప్రాంతంలో కూర్చున్నాడు. అదే తయారుచేయబోయి ఉక్కులో ఇతర లోహాలు కలిపే పనిలో పడ్డాడు. మూస పట్టిన మన ఉస్తాదుల్లో ఒక్కడి పేరు కూడా ఎవరూ రాసి పెట్టలేదు.

టీపూ సుల్తాన్ తీరూ అంతే. అందరం గొప్పగా చెప్పుకుంటాం, టీపూ రాకెట్లు, టీపూ రాకెట్లు అని. 1780లో పొల్లిలూర్ జంగ్‌లో హైదర్ అలీ, టీపూ ఫౌజు ముందు ఈస్టిండియా కంపెనీ చిత్తుగా ఓడింది, రాకెట్లు అందులో ఉన్నాయి. బారూద్ అప్పటికే అన్ని దేశాల్లో ఉంది. రాకెట్ కూడా కొత్తది కాదు. కొత్తది ఏమిటంటే దాని చుట్టూ ఉన్న ఇనుప గొట్టం. కాగితం, వెదురు గొట్టాలు పగిలిపోయే ఒత్తిడిని అది తట్టుకుంది. అందుకే ఎక్కువ బారూద్ కూరగలిగారు, ఎక్కువ దూరం పోయింది. అంటే ఆ హునర్ బారూద్ కలిపిన వాడిది కాదు, ఇనుమును రేకుగా సాగగొట్టి గొట్టం చుట్టిన లుహార్‌ది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ గొట్టాలు ఇంగ్లండ్‌లోని వూల్విచ్ చేరాయి, కాంగ్రీవ్ వాటిని చూసి తన రాకెట్లు చేశాడు. 1963లో కలాం సాబ్ అమెరికాలోని వాలప్స్ కేంద్రానికి ట్రైనింగ్ కోసం వెళ్తే, అక్కడి గోడ మీద టీపూ ఫౌజు రాకెట్లు వేస్తున్న తస్వీర్ కనిపించిందట. ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు.

"అంటే అమ్మీ అడిగింది తప్పేం కాదు" అన్నాను నేను. "లుహార్ పనే."

"లుహార్ పనే అబ్బా. కానీ ఇప్పుడు ఆ గొట్టం పలచగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, పగలొద్దు. మూడూ ఒకేసారి" అంది మా బేటీ.

ఆ తర్వాత అది చెప్పింది నాకు కొంత అర్థమైంది, కొంత తర్వాత చదువుకున్నాను. రాకెట్ గొట్టం ఒక్క కిలో బరువు పెరిగితే మోసుకుపోయే సామాను ఆ మేరకు తగ్గుతుంది. అందుకే మారేజింగ్ అనే ఉక్కు. మామూలు ఉక్కుకు బలం కార్బన్ వల్ల వస్తుంది. కార్బన్ పెరిగితే గట్టిపడుతుంది, అట్లనే పెళుసూ అవుతుంది. మారేజింగ్ ఉక్కులో కార్బన్ దాదాపు లేకుండా తీసేస్తారు. బదులుగా నికెల్ 18 శాతం దాకా, ఆపైన కోబాల్ట్, మాలిబ్డినం, చిటికెడు టైటానియం. అది మొదట మెత్తగా ఉంటుంది. మెత్తగా ఉండగానే మలుచుకుని, వెల్డింగ్ చేసుకుని, ఆఖర్న 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు పెట్టి ఉంచుతారు. అప్పుడు లోపల కంటికి కనిపించని రేణువులు పుట్టి, ఉక్కు జారిపోకుండా పట్టుకుంటాయి.

"దమ్ పెట్టినట్టు" అంది అమ్మీ.

మా బేటీ ఒక్క నిమిషం ఆలోచించి, "హౌ దాదీ, దమ్మే" అంది. "మంట ఎక్కువైనా పోయింది, టైమ్ ఎక్కువైనా పోయింది."

అమ్మీకి అప్పటి నుంచి ఆ చదువు మీద కొంత ఇజ్జత్ కలిగింది. మా బేగంకు కలగలేదు. "దమ్ బిర్యానీ నేర్చుకోవాలంటే నా దగ్గర ఉచితంగా నేర్చుకోవచ్చు" అంది.

విమానం ఇంజన్ సంగతి ఇంకా గమ్మత్తు. జెట్ ఇంజన్ లోపల తిరిగే టర్బైన్ బ్లేడు అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని మీదుగా పోయే గాలి వేడి ఆ లోహం కరిగే వేడి కన్నా ఎక్కువ. అయినా అది కరగదు. లోపల సన్నటి సొరంగాలు ఉంటాయి, వాటిలోంచి చల్లటి గాలి పోతుంటుంది. కరగకపోతే సరిపోదు, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే ఆ లాగుడుకు వెంట్రుకంత సాగినా ఇంజన్ ఖతం. ఏ లోహమైనా దగ్గరగా చూస్తే మిశ్రీ గడ్డ లెక్క, చిన్న చిన్న దానాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. వేడిలో ముందు జారేది ఆ అంటుకున్న అంచులు. మరి అంచులే లేకుండా బ్లేడు మొత్తాన్ని ఒకే దానాగా పోస్తే? అదే సింగిల్ క్రిస్టల్. కరిగిన లోహాన్ని పింగాణీ లాంటి అచ్చులో పోసి, వేడి కొలిమిలోంచి అతి నిదానంగా కిందికి దించుతారు. అచ్చు అడుగున మెలి తిరిగిన సన్నటి దారి ఉంటుంది. దానాలు ఆ దారిలో పైకి పెరగడానికి పోటీ పడతాయి, ఒక్కటే బయటపడుతుంది, మిగతాదంతా దాని ఔలాదే. ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని దేశాలకే ఈ హునర్ చేతనవును. డీఎంఆర్ఎల్ వాళ్లు అలాంటి బ్లేడ్లు 60 తయారు చేసి హెలికాప్టర్ ఇంజన్ కోసం హెచ్ఏఎల్‌కు ఇచ్చామని 2021లో ప్రకటించారు.

ఆ వార్త కూడా మా డెస్కు మీది నుంచే పోయింది. ఆరు లైన్లు. నేనే కత్తిరించానేమో కూడా. ఆ రోజు ఏదో సినిమా ట్రైలర్‌కు జాగా కావాల్సి వచ్చి ఉంటుంది. మనం విమానం చేసుకున్నాం, తేజస్ అని పేరు పెట్టుకున్నాం, దాని గుండె మాత్రం అమెరికా నుంచి కొనుక్కొచ్చిన జీఈ ఇంజన్. బెంగళూరులో 1980ల చివర మొదలైన కావేరి ఇంజన్ ఇప్పటికీ ఆ విమానంలోకి ఎక్కలేదు. దానికి సవా లక్ష కారణాలు ఉంటాయి, అందులో పెద్దది ఈ అరచేతిలో పట్టే లోహపు ముక్క. ఫౌజు తాఖత్ అంటే కవాతు చేసే బూట్లు అనుకుంటాం మనం. ఆ బూట్లేమో ఇరవై నాలుగ్గంటల్లో కుట్టించుకోవచ్చు.

ట్యాంకు కవచం సంగతి చెబితే అమ్మీ నవ్వింది. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కవచం పేరు కంచన్. మన కంచన్‌బాగ్ మీద పెట్టిన పేరే, అక్కడే పుట్టింది కాబట్టి. "మన అడ్రస్ వేసుకుని తిరుగుతున్నదన్నట్టు" అంది.

పదకొండు దాటింది. మా పక్కింటి చిచ్చా లైట్లు చూసి వచ్చాడు. ఆయన రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు, మా అబ్బాకు జిగ్రీ దోస్తు. విషయం విని, చాయ్ సాసర్లో పోసుకుని, మా బేటీకి వినపడకుండా నాతో అన్నాడు: "మియాఁ, అప్నే లోగాఁకు ఉస్ దీవార్ కే అందర్ కౌన్ లేతా? నాలుగేళ్లు చదివించి బచ్చీ దిల్ ఎందుకు తోడుతవ్?"

ఈ మాట చదువుతున్న మీలో చాలామంది ఇళ్లల్లో కూడా వినపడి ఉంటుంది. మనోళ్లను తీసుకోరు. ఒక్కోసారి తండ్రి అంటాడు, ఒక్కోసారి మామూ అంటాడు, పరీక్ష రాయకముందే ఫలితం వచ్చేస్తుంది. దీనికి మనం ఇచ్చే జవాబు కూడా ఒక్కటే, గోడ మీద కలాం సాబ్ ఫోటో. రామేశ్వరంలో పడవ కట్టిన ఆయన కొడుకు, పేపర్లు పంచిన పిల్లవాడు, 1982లో ఇదే కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరై వచ్చాడు. నాకు కలాం సాబ్ అంటే మొహబ్బత్ ఉంది. కానీ ఒక్క ఫోటో మీద ఇంత బరువు పెట్టడం నాకు నచ్చదు. చిచ్చా ఖౌఫ్‌కు కూడా ఆ ఫోటో జవాబు కాదు, ఆయనకు ఫోటో తెలియక కాదు గదా అన్నది. గోడ లోపలికి పోవడానికి ఉన్న దారి అందరికీ ఒకటే: ఇంజినీరింగు, గేట్ స్కోరు, ఇంటర్వ్యూ, ఆ తర్వాత పోలీసు వెరిఫికేషన్. ఆ ఆఖరిది అందరికీ ఉండేదే. కాకపోతే మా గలీలో ఆ మాట వింటే నోరు కొంచెం ఎండుతుంది. నా పాస్‌పోర్టుకు అదే జరిగినప్పుడు వచ్చినాయన మర్యాదగా మాట్లాడి, చాయ్ తాగి పోయాడు. అయినా ఆ రోజు మా అబ్బా పొద్దున్నుంచి షేర్వానీ వేసుకుని కూర్చున్నాడు.

"చిచ్చా, తీసుకోకపోతే ఏం చేస్తావు అని దాన్నే అడుగుదాం" అని లోపలికి పిలిచాను.

మా బేటీ జవాబు వెంటనే ఇచ్చింది. "వాళ్లు తీసుకోకపోతే ఇంకోళ్లు తీసుకుంటరు నానా. ఉక్కు అందరికీ కావాలె." చిచ్చా సాసర్ కింద పెట్టాడు. ఆడపిల్ల కొలిమి దగ్గర ఏం పనిచేస్తదన్నాడు. అప్పుడు టెస్సీ థామస్ పేరు చెప్పింది. అలెప్పీలో పుట్టి ఈ హైదరాబాద్‌లోనే పనిచేసిన ఆమె. 2012లో అగ్ని-5 మొదటిసారి ఎగిరినప్పుడు ప్రాజెక్టు బాధ్యత ఆమెది. చిచ్చాకు ఆ పేరు తెలియదు. నాకు తెలుసు, నేను రాసిన వార్తే. ఇంట్లో చెప్పలేదంతే.

అసలు సవాల్ అమ్మీ వేసింది. అందరం చాయ్ గ్లాసులు తీస్తుంటే, "నువ్వు చేసింది ఎవరి మీద పడుతది?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది, అందరి దగ్గరా ఉండేదే. అగ్ని ముక్కు గాల్లోంచి తిరిగి కిందికి వచ్చేటప్పుడు 2,500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, దానికోసం కార్బన్-కార్బన్ అనే కవచం చేశారు. అలాంటి తేలికైన పదార్థాలను డీఆర్‌డీఎల్‌లో నిమ్స్ ఎముకల డాక్టర్ ఒకాయన చేత్తో పట్టుకుని చూసి, కలాం సాబ్‌ను తన వార్డుకు తీసుకుపోయాడు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొన్ని వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారై వచ్చాయి. ఈ కిస్సా చెప్పాను. మైసూర్‌లో ఫౌజు కోసం తిండి మీద పరిశోధన చేసే ల్యాబు ఉందని, మనం దుకాణంలో కొనే ప్యాకెట్టు పులావు, ఉప్మా వెనక ఆ ల్యాబు పని ఉందని చెప్పాను. సీలు వేసిన సంచిలో 121 డిగ్రీల దగ్గర ఆవిరి పట్టిస్తే క్రిములు చచ్చి, ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలువ ఉంటుంది. లేహ్‌లో మంచు ఎడారిలో కూరగాయలు పండించే ల్యాబు, ఢిల్లీలో ఎత్తైన చోట ఊపిరి ఎట్లా అందుతుందో చూసే ల్యాబు. ఫౌజు ఇల్మ్ అంటే తుపాకీ ఒక్కటే కాదు అమ్మీ అన్నాను.

సికింద్రాబాద్ సంగతీ చెప్పాను. 1897 ఆగస్టు 20న బేగంపేట దవాఖానాలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పురుగును చూశాడు. ఆయన ఫౌజుకు పనిచేసే ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలను కుట్టించుకున్న మరీజ్ పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా ఇచ్చారు. పాత రికార్డులు చదువుతుంటే ఈ పేరు తగిలినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. సైన్సు కితాబులో మన దక్కన్ ముసల్మాన్ పేరు దొరికింది, అదీ రక్తం ఇచ్చిన జాగాలో.

అమ్మీ అంతా విన్నది. "ఇవన్నీ మంచివే. నేనడిగింది అది కాదు" అంది.

అప్పుడు మా బేటీ ఒక జర్మన్ సైంటిస్టు గురించి చెప్పింది. ఫ్రిట్జ్ హేబర్. గాలిలోని నైట్రోజన్‌ను పట్టి అమోనియా చేశాడు. ఇవాళ మన పొలాల్లో చల్లే యూరియా వరకు ఆ కీమియాదే. అదే అమోనియాతో జర్మనీ ఫౌజుకు బారూద్ తయారైంది. అదే మనిషి 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ గ్యాస్ వదిలించాడు. ఆయన భార్య క్లారా కూడా కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసిన మనిషి. పది రోజులకు ఆయన పిస్తోలుతోనే కాల్చుకుని చచ్చిపోయింది. తర్వాత ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు, అమోనియాకు.

"నాకు ఇది మా కెమిస్ట్రీ సార్ చెప్పిండు దాదీ. అప్పటి నుంచి నేను కూడా ఆలోచిస్తున్న" అంది. అంతకు మించి చెప్పలేదు. పదిహేడేళ్ల పిల్ల అమ్మమ్మల ముందు, నానమ్మల ముందు పెద్ద మాటలు చెప్పి గెలవొచ్చు. అది గెలవడానికి చూడలేదు. నాకు ఆ రాత్రి దాని మీద యకీన్ కుదిరింది ఆ చోట. దేశాన్ని కాపాడతా అనో, అమన్ కోసం పోతా అనో అంటే నేను మౌస్ మా బేగం చేతికి ఇచ్చేవాణ్ణి.

అమ్మీ చాలాసేపు తస్బీహ్ తిప్పుకుంది. "క్యాలిపర్లు చేసిన జాగాలో పని దొరికితే అక్కడ చెయ్యి" అని లేచి పడుకోవడానికి పోయింది. ఇజాజత్ ఇచ్చినట్టో ఇవ్వనట్టో మాకెవ్వరికీ అర్థం కాలేదు. పన్నెండుకు పది నిమిషాల ముందు ఆప్షన్లు ఫ్రీజ్ చేశాం, మెటలర్జీ మొదట. నాకు కంప్యూటర్ సైన్సే రావాలని లోపల ఓ కోరిక ఉన్నమాట కూడా ఒప్పుకుంటున్నాను. వారం తర్వాత సీటు వచ్చింది. మొదటి ఆప్షనే.

ఇక రింగు సంగతి. ఇది చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను, మిగతాదంతా దారిలో వచ్చింది.

మా అబ్బా కాటేదాన్‌లో ఒక చిన్న షెడ్డులో టర్నరు. ఉర్దూలో ఖరాదీ. ఆ షెడ్డుకు ఎక్కడెక్కడి నుంచో జాబ్‌వర్క్ వచ్చేది. డ్రాయింగు మీద పేరుండదు, నంబరు ఉంటుంది. ముక్క ఎందులోకి పోతుందో అడగొద్దు. సైజు మాత్రం మిల్లీమీటరులో నూరోవంతులు రెండు అటూ ఇటూ, అంతే. మనిషి వెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. ఇన్‌స్పెక్టరు వచ్చి గో, నో-గో గేజులు పెట్టేవాడు. గో దూరాలి, నో-గో దూరొద్దు. రెండూ దూరితే తుక్కులోకి. అబ్బా చదివింది ఐదో తరగతి. మైక్రోమీటరు మీద గీతలు మాత్రం చీకట్లో కూడా చదివేవాడు.

షెడ్డు సేఠ్ ఒకసారి ఏదో మాటల్లో 'ఇది కంచన్‌బాగ్ మాల్' అన్నాడట. అంతే. 1989 మే 22న అగ్ని మొదటిసారి ఎగిరిందని రేడియోలో ఉర్దూ ఖబ్రోఁలో చెప్పారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ సాయంత్రం అబ్బా పావు కిలో జిలేబీ తెచ్చి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇస్ మే అప్నా రింగ్ హై బేటా" అన్నాడు. గలీలో అందరికీ చెప్పాడు. చిచ్చా ఆ జిలేబీ తిన్నవాడే. రిజెక్టు అయిన రింగు ఒకటి సేఠ్‌ను అడిగి ఇంటికి తెచ్చాడు. ముప్పై ఏళ్లకు పైగా అది మా అల్మారాలో ఉంది. కరెంటు బిల్లుల మీద బరువు పెట్టడానికీ, ఈద్ రోజు దస్తర్‌ఖాన్ మూల ఎగరకుండా పెట్టడానికీ తీసేవాళ్లం. అబ్బా ఇంతకాల్ అయిన రోజు కూడా ఎవరో దాన్ని ఆయన మంచం పక్కన పెట్టారు.

మొన్న నెలలో మా బేటీ దాన్ని కాలేజీకి పట్టుకుపోయింది. రెండో సంవత్సరంలో వాళ్లకు లోహాన్ని సూక్ష్మదర్శిని కింద చూసే ల్యాబు ఉంటుంది. రింగు అంచు నుంచి చిన్న ముక్క కోసి, గరుకు కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటి నునుపుగా రుద్ది, అద్దం లెక్క మెరిశాక నైట్రిక్ ఆసిడ్ కలిపిన ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచితే దానాల అంచులు తేలుతాయట. సాయంత్రం నాకు ఫోను చేసింది. గొంతు చూసి భయపడ్డాను.

"అబ్బా, అది సాదా ఉక్కు. మైల్డ్ స్టీల్. తెల్లటి దానాలు, మధ్యలో కొంచెం నలుపు. గేట్లకు, గ్రిల్లులకు వాడేది. మారేజింగ్ కాదు, ఏమీ కాదు."

"రాకెట్‌లో మైల్డ్ స్టీల్ ముక్క ఒక్కటీ ఉండదా?" అని అడిగాను.

"ఏమో ఉండొచ్చు. కానీ ఇది నీళ్ల పంపు బుష్ అయినా అయ్యుండొచ్చు."

ఆమెకు ఏడుపు వచ్చింది. నాకూ గొంతు పట్టుకుంది. దాదీకి చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. నలభై ఏళ్ల నుంచి ఒక మాట మీద నిలబడ్డ ఇల్లు మాది, ఇప్పుడు దాన్ని ఆసిడ్‌లో ముంచడం ఎందుకు. కానీ శనివారం ఇంటికొచ్చి రింగు అల్మారాలో పెడుతుంటే అమ్మీ చూసింది. అంచున కోసిన గాటు చూసి, "క్యా నిక్లా?" అని అడిగింది. అబద్ధం చెప్పడం మా బేటీకి చేతకాదు, వాళ్ల దాదాది అదే తరీకా. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అమ్మీ రింగును చేతిలోకి తీసుకుని, వేలు లోపల పెట్టి ఒకసారి తిప్పింది.

"అరే పాగల్, ఇది ఫెయిలైన ముక్క" అంది. "పాసైనవి మనింట్లో ఎందుకుంటయి?"

రింగు మళ్లీ బిల్లుల మీద పెట్టింది. ఈసారి గాటు ఉన్న వైపు కిందికి.